హెడ్డు మార్చుటకు ముందు

గరివిడి పరిసరములలో దొరకు మాంగనీసు రాతిని చేతిలోనికి తీసికొన్నవానికి రెండు సంగతులు వెంటనే తెలియును: రాయి కంటికి తోచినదానికన్న బరువైనది, దానిని క్రింద పెట్టిన పిమ్మట అరచేయి నల్లబడియుండును. 1892లో మన విజయనగరము ప్రాంతముననే ఈ దేశమున మాంగనీసు త్రవ్వకము మొదలయ్యెననియు, ఇచటి కోడూరు గని పేరుమీదనే భూగర్భశాస్త్రజ్ఞుడు ఫెర్మర్ ఒక జాతి శిలకు కోడూరైటు అని నామకరణము చేసెననియు, గడచిన శతాబ్దపు 1950ల దశకములో శ్రీరామనగరమున ఫెర్రో ఎల్లాయిస్ కర్మాగారము వెలసినది ఈ రాతిని నమ్ముకొనియే యనియు మన పిల్లలు తప్పక తెలిసికొనదగిన సంగతులు. అయితే ఆ రాయి చివరకు ఏ రూపమున మన యింటికి తిరిగివచ్చుచున్నదో చూపుమని నన్నెవరైన అడిగినచో, నా షెడ్డులో బల్లమీద వెల్లకిల పడియున్న సిలిండర్ హెడ్డును చూపుదును. పోత ఇనుములో నూటికి అరపాలు మొదలుకొని ముప్పాతిక పాలు వరకు మాంగనీసు ఉండుట పరిపాటి. ఇనుమును పెళుసుబార్చు గంధకమును అది తనతో పెనవేసికొని నిరపాయము చేయును. మన నేల ఇచ్చిన ఆ పిడికెడు బలముతోనే పాత ఇనుప హెడ్లు ఇన్నేండ్లు మంటలను భరించుచు వచ్చినవి.

ఈ పుస్తకము చదువుచున్న యువకుడు బహుశః నావలెనే ఏదో ఒక రేకుల షెడ్డులో, గ్రీజు చేతులతో, పెద్ద మేస్త్రికి పానాలందించుచు వృత్తిలోనికి వచ్చినవాడై యుండును. వెనుకటి అధ్యాయములలో పనిముట్ల శుభ్రతను గూర్చియు, మాట యిచ్చిన వేళకు బండి అప్పగించుటను గూర్చియు వ్రాసితిని. ఇప్పుడు వ్రాయునది ఒక నిర్ణయమును గూర్చి. ఇంజను మీద ఏ హెడ్డు పెట్టవలెనను నిర్ణయము పైకి దుకాణమునకు పోయి ఒక సామాను తెచ్చుటవంటిదిగా తోచును. కాని ఆ క్షణమున మనము ఆ ఇంజను ఎంత గట్టిగా ఊపిరి బిగించవలెనో నిర్ణయించుచున్నాము. దానిని కొలిచి చేయుమనుటయే నేను చెప్పదలచినది. కొలవక చేసిన నాటి కథ ముందుగా చెప్పెదను.

నాకప్పటికి ఇరువదిరెండేండ్లు. సొంత షెడ్డు పెట్టి ఏడాది కాలేదు. చీపురుపల్లి వైపునుండి ఒక అంబాసిడరు టాక్సీ వచ్చెను. హెడ్డులో రెండు వాల్వు సీట్ల నడుమ పగులు పడియున్నది. డ్రైవరే యజమాని. "రేపు తెల్లారగట్ల పెళ్ళోరున్నారు బావు, బండి రోడ్డెక్కాల," అని షెడ్డు ముందర గోనెసంచి పరచుకొని కూర్చుండెను. నేను దగ్గరి పట్టణములో పాత సామానుల కొట్టునకు పోయి, పోతలో అచ్చుపడిన నంబరు సరిగా అదియే యున్న హెడ్డు నొకదానిని బేరమాడి తెచ్చి, రాత్రి దీపము వెలుతురున బిగించి, కోడి కూయకమునుపే బండి అప్పగించితిని. సాయంకాలము అతడు తిరిగివచ్చి, "మేస్త్రీ, కొత్త బండినాగ ఎగిరిపోతన్నాదే!" అనెను. ఆ మాట విని నేను పొందిన గర్వమును ఈనాటికిని మరువలేను.

నాలుగవనాడు అతడే మరల వచ్చెను. బరువుతో గట్టు ఎక్కునప్పుడు రేకుడబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్లు ఇంజనులో చప్పుడు. నేను ఇగ్నిషను టైమింగును కొంచెము వెనుకకు త్రిప్పితిని; చప్పుడణగెను, దానితోపాటు బండి లాగుడును అణగెను. పక్షము దినములు గడవకమునుపే గాస్కెట్టు రెండు సిలిండర్ల నడుమ కాలిపోయి, ఒక పిస్టను రింగు గాడి వద్ద విరిగి, కారు తాళ్ళకు కట్టుకొని వచ్చినది. ఆ ఖర్చు నేను భరించితిని. భరింపవలసినది నేనే.

అప్పుడు మా వీధిలో కర్మాగారపు పని చాలించుకొని యింటిపట్టున ఉన్న ఒక టర్నరు పెద్దాయన యుండెడివాడు. ఆయన నా షెడ్డునకు వచ్చి, విప్పిన హెడ్డు ప్రక్కన పగిలిన పాత హెడ్డును నిలబెట్టి, వెర్నియరుతో రెంటి మందమును కొలిచి, "దీన్ని ఎన్నిమాట్లు ఫేసింగు సేసినారో సూసినావేటి బాబూ? నంబరు సదివినావు గాని ఇనుము సదవలేదు," అనెను. నేను తెచ్చిన హెడ్డు పగిలినదానికంటె మిల్లీమీటరున్నర పైగా పలుచగా ఉన్నది. ఎన్ని చేతులు మారినదో, వంగినప్పుడల్లా ఎందరు దానిని మిషను మీద పెట్టి చదును చేయించిరో! పోతలోని అచ్చు మాత్రము పుట్టినరోజున ఎట్లున్నదో అట్లే యున్నది.

ఆ పెద్దాయన నన్ను తన యింటికి తీసికొనిపోయి ధాన్యపు గది వద్ద కూర్చుండబెట్టి చెప్పిన పాఠమునే నేను నా శిష్యులందరికిని చెప్పుచున్నాను. మన పూర్వపు కొలతలలో రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. రెండు మానికలు ఒక అడ్డ. రెండు అడ్డలు ఒక కుంచము. అనగా అడ్డకు ఎనిమిది సోలలు, కుంచమునకు పదునారు. పిస్టను సిలిండరు అడుగున నున్నప్పుడు దాని పైన నున్న చోటంతయు అడ్డెడు అనుకొనుము. పిస్టను పూర్తిగా పైకి వచ్చినప్పుడు హెడ్డు క్రింద మిగిలిన చోటు సోలెడు అనుకొనుము. అడ్డెడు గాలి సోలెడులోనికి కుదింపబడినది. సంపీడన నిష్పత్తి 8. కుంచెడు గాలిని సోలెడులోనికి కుదించినచో నిష్పత్తి 16. అది డీజిలు ఇంజనుల దారి. ధాన్యమునకు సోల ఎట్టిదో ఇంజనునకు హెడ్డు క్రింది చోటు అట్టిది. సోల అడుగున ఎవరైన మైనము పూసినచో కొలత మారునుగదా! ఫేసింగు చేసిన హెడ్డు మైనము పూసిన సోల.

పాఠకుడు ఇచట గ్రహింపవలసిన సూక్ష్మ మొకటి కలదు. అడ్డెడు అనునది పిస్టను పైకి క్రిందికి తిరుగు మేర యొక్క ఘనపరిమాణము మాత్రమే కాదు; దానిలో ఆ సోలెడును చేరియే యున్నది. కావున పిస్టను తిరుగు మేరను మిగులు చోటుతో కూడి, ఆ మొత్తమును మిగులు చోటుతో భాగింపవలెను. ఈ కూడికను మరచి తప్పులెక్క వేసిన పట్టభద్రులను సైతము నేను చూచితిని.

ఇక అంకెలలోనికి పోవుదము. అంబాసిడరు కారు తొలుత ప్రక్క వాల్వుల ఇంజనుతో వచ్చి, 1959 ప్రాంతమున పై వాల్వులు గల 1489 సి.సి. ఇంజనును ధరించెను. దాని బోరు 73.025 మిల్లీమీటర్లు, స్ట్రోకు 88.9 మిల్లీమీటర్లు, గుణించి చూచినచో ఒక్కొక్క సిలిండరునకు సుమారు 372 సి.సి. వచ్చును. ఈ జాతి ఇంజనునకు మూలపురుషులైన ఇంగ్లండు దేశపు బి.ఎం.సి. వారు దీనిని 7.2 నిష్పత్తితోను, 8.3 నిష్పత్తితోను రెండు విధముల నమ్మెడివారు. 7.2 కావలెనన్నచో మిగులు చోటు 60 సి.సి. ఉండవలెను, 8.3 కావలెనన్నచో 51. రెండు స్వభావములు గల రెండు ఇంజనుల నడుమ నున్న భేదము తొమ్మిది సి.సి.లు, రెండు టీ చెంచాలైనను నిండవు. ఈ సంగతి తెలిసిన దినమున నాకు నా టాక్సీ కథయంతయు అర్థమైనది.

ఆ మిగులు చోటు ఒకే తావున నుండదు. హెడ్డులోని గుంట, అనగా మనము చాంబరు అనునది, అందులో పెద్ద వాటా. గాస్కెట్టు బిగిసిన తరువాతి మందము ఒక వాటా. పిస్టను పైకి వచ్చినప్పుడు బ్లాకు అంచునకు ఎంత లోపల నిలిచిపోవునో ఆ సందు ఒక వాటా. పిస్టను తలమీద పళ్ళెమువంటి పల్లమున్నచో అదియు నొక వాటా. లెక్కకు వీలుగా చాంబరులో 40, గాస్కెట్టులో 4, పిస్టను పల్లమును పై సందును కలిసి 16, వెరసి 60 అనుకొందము. నేను తెచ్చిన అరిగిన హెడ్డు చాంబరు 34 మాత్రమే అనుకొనుము. అప్పుడు మిగులు చోటు 54, నిష్పత్తి 7.9 దగ్గరకు పోయినది. దానిపై తొందరలో పలుచని గాస్కెట్టు వేసి మరియొక సి.సి. మ్రింగితినా, 8 దాటినది. ఇంజను బోరింగు చేయించి నలభై ఓవర్‌సైజు పిస్టన్లు వేసినచో పిస్టను తిరుగు మేర 383 సి.సి. వరకు పెరిగి, హెడ్డు తాకకయే నిష్పత్తి ఇంకను కొంత పెరుగును. ఇట్లు ఎవరికివారు చేసిన చిన్న పనులన్నియు ఒక్క తావున కలిసికొని, ఇంజను యజమానికి తెలియకయే దానిని వేరొక ఇంజనుగా మార్చివేయును.

నిష్పత్తి పెరుగుట చెడ్డదా? చెడ్డదైనచో ప్రపంచమందలి ఇంజనీర్లందరు నూరేండ్లుగా దానిని పెంచుటకేల పాటుపడుదురు! గాలిని ఎంత బిగించి మండించినచో ఆ మంట అంత దూరము వ్యాపించి పిస్టనునకు అంత పని చేసిపెట్టును. ఆదర్శ గణితము ప్రకారము నిష్పత్తి 7 అయినప్పుడు ఇంధనపు వేడిలో నూటికి 54 పాళ్ళు, 8 అయినప్పుడు 56 పాళ్ళకు పైగా, 9 అయినప్పుడు 58 పాళ్ళకు పైగా పనిగా మారవలెను. నిజమైన ఇంజనులో దక్కునది ఇందులో సగము. కాని పెరుగుదల తీరు ఇదియే, పైకి పోయినకొద్దీ లాభము సన్నగిల్లును. అందుచేతనే ఆ టాక్సీ మొదటినాడు ఎగిరిపోయినది. అతని ఆనందము భ్రమ కాదు.

కాని పెట్రోలు ఓర్పునకు హద్దు కలదు. ప్లగ్గు వద్ద పుట్టిన మంట మెల్లగా వ్యాపించుచుండగా, మూలల నింకను మండక మిగిలియున్న వాయువు తానుగా కుదింపబడి, వేడెక్కి, మంట వచ్చి తాకకమునుపే ఒక్కసారిగా ప్రేలును. ఆ ప్రేలుడే గులకరాళ్ళ చప్పుడు. బ్రిటిషు ఇంజనీరు హ్యారీ రికార్డో మొదటి ప్రపంచ యుద్ధానంతరము, నడుచుచుండగనే సంపీడన నిష్పత్తిని మార్చుకొన వీలైన ఒక ఇంజనును నిర్మించి, ఏ ఇంధనము ఎంత నిష్పత్తి వద్ద ఓర్పు కోల్పోవునో ఒక్కొక్కదానిని పరీక్షించి చూచెను. 1921లో అమెరికాలో మిడ్‌గ్లీ సీసము కలిపిన పెట్రోలు ఈ ప్రేలుడును అణచునని కనుగొనెను. 1957లో విశాఖపట్టణమున కాల్టెక్సు వారి శుద్ధికర్మాగారము మొదలైన తరువాత మన బంకులకు పెట్రోలు పొరుగూరినుండియే రాసాగినది. 2000 సంవత్సరములో దేశమంతట సీసము తొలగింపబడినది. పిల్లల ఆరోగ్యమునకు అది మహోపకారము. ఐతే సీసపు పూత అండగా ఉన్నన్నాళ్ళు నిలిచిన పాత ఇనుప హెడ్ల వాల్వు సీట్లు, ఆ పూత పోయిన పిమ్మట అరిగి లోపలికి దిగసాగినవి. సీటు దిగినకొద్దీ చాంబరు పెద్దదగును, సోల పెరుగును, నిష్పత్తి తగ్గును. కావున పాత హెడ్డు కొనునప్పుడు ఫేసింగు వలన చోటు తగ్గినదో, సీట్లు దిగి చోటు పెరిగినదో కంటితో చెప్పుట అసాధ్యము. రెండును జరిగియుండవచ్చును.

ఇంధనమును బట్టి హెడ్డు అనుటకు మన కాలువగట్ల మీదనే నిదర్శనము కలదు. పెట్రోలుతో మొదలుపెట్టి, వేడెక్కిన పిమ్మట కిరోసినునకు మార్చు నీటి పంపు ఇంజనులను మన రైతులు ఎన్నియో ఏండ్లు వాడిరి. కిరోసినునకు ఓర్పు మిక్కిలి తక్కువ. కావున ఆ ఇంజనులకు నిష్పత్తి 5 దరిదాపులలోనే యుండునట్లు లోతైన చాంబరు గల హెడ్లు పెట్టుదురు. కిరోసిను ఇంజను బలహీనమని నిందించి పెట్రోలు జాతి హెడ్డు దానిపై బిగించినవాడు ఆ రైతు మడిని ఎండబెట్టినవాడగును.

ఇంతవరకు ఘనపరిమాణమును గూర్చియే మాటలాడితిని. ఆకారమును గూర్చి కొంచెము నిదానించి చెప్పవలసియున్నది. అనుభవము గల మేస్త్రులు సైతము ఇక్కడ పొరబడుచున్నారు. పైన చెప్పిన రికార్డో 1919 ప్రాంతమున ప్రక్క వాల్వుల ఇంజనులకు ఒక కొత్త హెడ్డు రూపొందించెను. చాంబరును వాల్వుల వైపునకు జరిపి, పిస్టనులో అధికభాగము పైన హెడ్డును దాదాపు తాకునంత సమీపమునకు దించెను. పిస్టను పైకి వచ్చునప్పుడు ఆ ఇరుకు సందులోని వాయువు బలముగా ప్రక్కకు చిమ్మబడి చాంబరులో సుడి తిరుగును. మంట వేగముగా వ్యాపించును. ప్రేలుటకు మూలల మిగిలిన వాయువు స్వల్పము, అదియు చల్లని లోహపు గోడల నడుమ నిలిచి వేడెక్కదు. ఒకే నిష్పత్తి గల రెండు హెడ్లలో ఒకటి నిశ్శబ్దముగా నడచి రెండవది కొట్టుకొనుటకు కారణ మిదియే. ఇప్పుడు మన షెడ్లలో జరుగునది చూడుము: ఇంజను కొట్టుకొనుచున్నదని, నిష్పత్తి తగ్గించుటకు ఒక గాస్కెట్టుపై మరియొక గాస్కెట్టు వేయుదురు. నిష్పత్తి తగ్గును, నిజమే. కాని మిల్లీమీటరు ఉండవలసిన ఇరుకు సందు రెండు మిల్లీమీటర్లై, సుడి చచ్చిపోయి, ఒక్కొక్కప్పుడు చప్పుడు ఇంకను హెచ్చును. నిష్పత్తి తగ్గింపదలచినవాడు లోతైన చాంబరు గల హెడ్డునో, తల పల్లముగా నున్న పిస్టనునో వెదుకవలెను గాని గాస్కెట్టులో పరిష్కారము వెదుకరాదు.

లోహమును గూర్చి ఒక్క మాట. అల్యూమినియము పోత ఇనుముకంటె సుమారు మూడింతలు త్వరగా వేడిని నీటికందించును. కావున అదే పెట్రోలుతో అల్యూమినియము హెడ్డు ఇనుప హెడ్డుకంటె కొంచెము ఎక్కువ నిష్పత్తిని ఓర్చుకొనును. దీని భావము, ఇనుప హెడ్డు స్థానమున అల్యూమినియము హెడ్డు పెట్టి నిష్పత్తి మాత్రము మార్చనిచో ఆశించిన లాభము రాకపోవుననియే.

జీపు సంగతి చెప్పనిదే ఈ అధ్యాయము మా ప్రాంతపు అధ్యాయము కాదు. స్వాతంత్ర్యానంతరము మహీంద్రా వారు బొంబాయిలో కూర్చి అమ్మిన విల్లీసు జీపులు మన మన్యమునకు మొదటి మోటారు బండ్లవంటివి. యుద్ధకాలపు విల్లీసు ఇంజను ప్రక్క వాల్వులది, బోరు 79.4, స్ట్రోకు 111.1 మిల్లీమీటర్లు, ఒక్కొక్క సిలిండరు 550 సి.సి., నిష్పత్తి 6.48, మిగులు చోటు నూరు సి.సి. ప్రక్క వాల్వుల ఇంజనులో ఆ నూరు సి.సి. దాదాపు అంతయు హెడ్డులోనే యుండుటవలన, హెడ్డు మార్చుటయే నిష్పత్తి మార్చుట. ఎత్తైన ప్రదేశములకని ఆ జీపు ఇంజనులకు హెచ్చు సంపీడనపు హెడ్లు వేరుగా దొరకెడివి. సాలూరు దాటి పి.కోనవలస ఘాటీ ఎక్కి, సుంకి మీదుగా కొరాపుట్టు చేరువాడు సముద్రమట్టమునకు ఎనిమిది వందల డెబ్బది మీటర్ల పైనుండును. అచట గాలి ఒత్తిడి పదింట ఒక వంతు తక్కువ. లోపలికి వచ్చు గాలియే పలుచనైనప్పుడు దానిని ఇంకొంచెము బిగించినను పెట్రోలు ఓర్చుకొనును. నిష్పత్తి 7 కావలెనన్నచో మిగులు చోటు 92 సి.సి.కి దిగవలెను. అయితే ఆ జీపే మరల దిగివచ్చి వైశాఖమాసపు ఎండలో భీమిలి రోడ్డున బరువు మోయవలసి వచ్చినచో అదే హెడ్డు దానికి శత్రువగును. బండి ఏడాదిలో ఎక్కువ దినములు ఎక్కడ తిరుగునో అడుగనివాడు హెడ్డు ఎన్నరాదు.

డీజిలునకు వచ్చుసరికి అంతయు తలక్రిందులగును. 1954లో జంషెడ్‌పూరునుండి టాటా–బెంజి లారీలు వెలువడిన నాటినుండి మన ప్రాంతములో సాలూరు లారీల ఊరుగా పేరెన్నికగన్నది. అచటి మేస్త్రుల పనితనమును చూచి నేర్చుకొనని మెకానిక్కు ఈ ప్రాంతమున లేడు. డీజిలునకు ప్లగ్గు లేదు. గాలిని బిగించి పుట్టించిన వేడియే నిప్పు. నిష్పత్తి తగ్గినచో చలికాలపు ఉదయమున ఇంజను అందుకొనక తెల్లని పొగ వదలుచు మొరాయించును. ఇక హెడ్డు విషయము. టాటా 697 ఇంజను వంటి నేరు ఇంజక్షను డీజిలులో హెడ్డు అడుగు పలకవలె చదునుగా నుండును. మంట మండు గిన్నె పిస్టను తలలో చెక్కబడియుండును. దాని బోరు 97, స్ట్రోకు 128 మిల్లీమీటర్లు. ఒక్కొక్క సిలిండరు 946 సి.సి. నిష్పత్తి 17 అనుకొన్నచో మిగులు చోటు 59 సి.సి.; అందులో సింహభాగము పిస్టనులోనే యున్నది. కావున ఆ హెడ్డును అరమిల్లీమీటరు ఫేసింగు చేసినను నిష్పత్తి ఇంచుమించుగా కదలదు. పెట్రోలు ఇంజనులో పుట్టిన భయమును ఇచటికి తెచ్చి "కంప్రెషను పెరిగిపోవును" అని యజమానిని భయపెట్టు మేస్త్రులను నేను చూచితిని. నిజముగా భయపడవలసినవి వేరు: ఫేసింగు తరువాత వాల్వులు సీట్లలో ఉండవలసిన లోతు తగ్గి పైకి పొడుచుకొనివచ్చినచో పిస్టను వచ్చి వాటిని కొట్టును, నాజిలు ముక్కు ఉండవలసినదానికంటె క్రిందికి దిగినచో చిమ్ము డీజిలు గిన్నె అంచును తప్పి పడును. వాల్వు సీట్లను లోతు చేయుటయు, నాజిలు క్రింద సరియైన మందముగల రాగి వాషరు వేయుటయు మరువరాదు. డీజిలులో నిష్పత్తిని కాపాడు పని గాస్కెట్టుది. పిస్టను బ్లాకు అంచునకు ఎంత పైకి వచ్చుచున్నదో డయలు గేజితో కొలిచి, దానికి తగిన మందముగల గాస్కెట్టు ఎన్నవలెను. కొన్ని ఇంజనుల గాస్కెట్టులకు అంచున గాట్లో రంధ్రములో పెట్టి మందమును గుర్తించునది ఇందుకే. సుడి గది హెడ్డులోనే గల డీజిళ్ళు వేరొక తెగ. ఆ గది గోడలు వేడిని మ్రింగుటచేత వాటికి నేరు ఇంజక్షనుకంటె హెచ్చు నిష్పత్తి, 20 దరిదాపులది, కావలసివచ్చును. ఒక తెగ హెడ్డు నియమము మరియొక తెగకు వర్తింపదు.

ఇక కొలుచు పద్ధతి. వాల్వులు సీట్లలో కూర్చుండబెట్టి, ప్లగ్గు బిగించి, హెడ్డును వెల్లకిల పెట్టి, నీటిమట్టము చూచు స్పిరిటు లెవెలుతో సమముచేయుము. చాంబరు నోటి చుట్టు పలుచగా గ్రీజు పూసి, ఆరు మిల్లీమీటర్ల మందముగల పారదర్శకపు ప్లాస్టికు పలకను అదుము. పలకకు ఒక అంచున చిన్న రంధ్రముండవలెను. ఆ రంధ్రమునుండి కిరోసిను పోయుము. కళాశాలలలోని గాజు బ్యూరెట్టు శ్రేష్ఠము. లేనిచో, పశువైద్య కళాశాల గల ఊరిలో నున్నవారము గనుక పశువులకు వాడు యాబది సి.సి. సిరంజి సంపాదించుట కష్టము కాదు. చివరి రెండు సి.సి.లు బొట్టు బొట్టుగా వదలవలెను. పలక క్రింద చిన్న వెండి గోలీవలె ఒక గాలిబుడగ నిలిచి అటునిటు పరుగెత్తును. హెడ్డును ఒకింత వాల్చినచో అది రంధ్రము దగ్గరకు వచ్చి పోవును. అది పోవువరకు అంకె వ్రాయరాదు. నాలుగు చాంబర్లను కొలువుము. వాటి నడుమ అరసి.సి.కంటె ఎక్కువ భేదమున్నచో ఆ భేదము ఎందుకో వెదుకుము. కిరోసిను మట్టము దిగుచున్నచో వాల్వు కారుచున్నదని అర్థము; కొలతకు బయలుదేరినవానికి అది అయాచితముగా దొరకిన పరీక్ష. కంప్రెషను గేజి ఈ పనికి ప్రత్యామ్నాయము కాదు. గేజి చూపునది రింగుల యారోగ్యము, వాల్వుల బిగువు, బ్యాటరీ సత్తువ, నిష్పత్తి, అన్నియు కలిసిన ఒక అంకె.

మొన్న దసరాకు ముందు ఒక కుటుంబమువారు తాతగారి అంబాసిడరును తీసికొనివచ్చిరి. హెడ్డు పగిలినది. నా శిష్యుడు ఎక్కడెక్కడో తిరిగి మూడు పాత హెడ్లు తెచ్చెను. యజమానురాలితో ముందు మాటలాడితిని: బండి నెలకు రెండుసార్లు రామతీర్థమునకో, పెళ్ళికో పోవును, బంకులో దొరకు మామూలు పెట్రోలే పోయుదురు, వేగము అక్కరలేదు. అప్పుడు లెక్క వెనుకనుండి వేసితిమి. నిష్పత్తి 7.5 అనుకొన్నచో, 372ను ఆరున్నరతో భాగింపగా మిగులు చోటు 57 సి.సి.; అందులో గాస్కెట్టు, పిస్టను వాటాలు మేము కొలిచిన ప్రకారము 20; చాంబరు 37 ఉండవలెను. పిల్లవాడు మధ్యాహ్నమంతయు కూర్చుండి మూడు హెడ్లను కొలిచి సుద్దతో వాటిపై అంకెలు వ్రాసెను: 34, 37½, 41.

"గురువుగారండి, నడుమది సరిగ్గా సరిపోనాది," అనెను, మొగము వికసింప.

నేను ఆ హెడ్డును వెలుతురునకు త్రిప్పి, సీట్ల నడుమ ఎర్ర రంగు ద్రావకము పూసి తుడిచి చూపితిని; వెండ్రుకవంటి పగులు రంగు త్రాగి పైకి తేలినది. వాడు చాలసేపు దానినే చూచుచుండెను. మొదటి హెడ్డు నేను ఇరువదిరెండేండ్ల వయసున తెచ్చినదాని తోబుట్టువు. మూడవది మందముగా, ఆరోగ్యముగా, మొదటి పోతనాటి ఒడలితో నున్నది. చాంబరు మాత్రము పెద్దది. దాని నోటిని గళ్ళ కాగితముపై గీసి గడులు లెక్కింపగా 33 చదరపు సెంటీమీటర్లు వచ్చినది. పాయింటు ఆరు మిల్లీమీటర్లు ఫేసింగు చేసినచో రెండు సి.సి.లు తగ్గి 39 అగును. మిగులు చోటు 59, నిష్పత్తి 7.3. అంతకుమించి కోసినచో రాకరు కోణములు చెడుటయు, రాబోవు ఫేసింగులకు ఇనుము మిగులకుండుటయు సంభవించును. ఆమెకు ఈ సంగతి యంతయు, అంకెలతో సహా, కాగితముపై వ్రాసి చూపితిని. "కొండలెక్కీసే పని నాకేటుంది మేస్త్రిగారూ, ఎక్కువకాలం నిలబడితే సాలు," అనెను.

సాయంకాలము మిషనునుండి వచ్చిన హెడ్డును వాడు మరల వెల్లకిల పెట్టి, పలక అదిమి, సిరంజి పట్టుకొనెను. బుడగ పోవువరకు వేచి, 39 అని సుద్దతో వ్రాసి, ఆ క్రింద తేదీ వేసి, నా పాత నోటుపుస్తకములో టాక్సీ పేజీకి ఎదురుపేజీ తెరచి అదే అంకె ఎక్కించెను.